దండ కొలత

అరటినార తడిపి గుడ్డలో చుట్టుకుని పూలకొట్టుకి బయల్దేరబోతూ పేచ్చియమ్మాళ్ గడప దగ్గర ఆగిపోయింది. సందు మొదట్లో ఎవరో ఆడమనిషి గొంతెత్తి ఏడుస్తోంది. ఆ ఏడుపు ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వస్తోంది. టైలరు ఇల్లు దాటింది. రేషన్‌కొట్టు కాపలామనిషి ఇల్లు దాటింది. ఇక మిగిలింది తమ ఇల్లే.

వచ్చింది ఆడబిడ్డ వీరాయి. చోళవందాన్ నుంచి తొలి బస్సులో వచ్చినట్టుంది. జుట్టు విరబోసుకుని, ఒక చేత్తో గుండెలు బాదుకుంటోంది. ఇంకో చేతిలో అరటాకులో చుట్టిన దండ.

"నా అయ్యా! నా తమ్ముడి కొమ్మా! మీ నాన్న గతే నీకూ పట్టిందా నా తండ్రీ!"

ఎవరు పోయారని పేచ్చి అడగలేదు. అడగాల్సిన పనేముంది? ఆ ఇంట్లో పోవడానికి మిగిలింది ఒక్క మగపిల్లాడు. చీకటితోనే టీ తాగొస్తానని వెళ్లాడు. రోడ్డు దాటేటప్పుడు లారీ వచ్చి ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పింది, బైపాసు దగ్గర సైకిలు దిగి నడిపించుకుని రారా అని. నార మూట చేతిలోంచి జారింది. గడప మీదే కూర్చుండిపోయింది. వీరాయి చేతులు మెడ చుట్టూ పడ్డాయి. ఇద్దరూ తలలు ఆనించుకుని, భుజాలు పట్టుకుని ఊగుతూ ఏడవడం మొదలుపెట్టారు. పక్కింటి సడయమ్మ చేట కింద పెట్టి పరుగెత్తుకొచ్చి తనూ భుజం కలిపింది. వెనకింటి కోడలు కూడా వచ్చి కూర్చుంది. పేచ్చికి నోరు తెరిస్తే గాలి మాత్రమే వస్తోంది.

ఇంటి వెనక బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది. ముఖం నిండా సబ్బు నురగతో, నడుముకి తువ్వాలు చుట్టుకుని, ఎప్పుడు తిరిగొచ్చాడో, చెళియన్ ముందుకి వచ్చాడు.

"ఎవరత్తా పోయింది?"

వీరాయి తలెత్తి చూసి, ఈసారి ఏడుపు కాదు, కెవ్వున అరిచింది.

"పోయినవాడే వచ్చి అడుగుతున్నాడే తల్లీ!" అంది సడయమ్మ గుండె మీద చెయ్యేసుకుని.

పేచ్చి పాకుతున్నట్టు వెళ్లి కొడుకు పాదాలు పట్టుకుంది. తడిగా ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయి. మడమలు దెయ్యానికిలా ముందుకి తిరిగి ఉన్నాయా లేదా అని కూడా ఒకసారి చూసుకుంది.

"బస్టాండు గోడ నిండా నీ ఫొటోనేరా!" వీరాయి ముక్కు చీదుతూ అరిచింది. "కన్నీటి అంజలి అని ఇంతింత అక్షరాలు. బస్సులోంచి చూసి నేను దిగలేదు, పడ్డాను. కండక్టరు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే పక్కన నా పోస్టరు కూడా వేసేవాళ్లు."

చెళియన్ సబ్బు నురగలోంచే నవ్వాడు. "అది సినిమాది అత్తా! పార్టీలని వెక్కిరించే కామెడీ సినిమా. మన ఊళ్లోనే తీస్తున్నారు. నాయకుడి కోసం చచ్చిపోయిన కార్యకర్త ఒకడు కావాలి. పోస్టర్లు మా ప్రెస్సుకే ఇచ్చారు. ఏదో ఒక ముఖం పెట్టాలిగా, నాది పెట్టాను. తెర మీద కనబడతాను చూడు, మూడుచోట్ల!"

వీరాయి లేచి అతని చెంప మీద ఒక్కటి వేసింది. నురగ ఎగిరి గోడకి అంటుకుంది. వెంటనే అదే చెంపని రెండు చేతులతో నిమిరి, వేళ్లు తన కణతలకి ఆనించి మెటికలు విరిచింది.

ఏడుపులూ తిట్లూ అయ్యాక దండ మిగిలింది. గడప పక్కన అరటాకులో అలాగే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"చావుదండ గడపదాకా వచ్చింది వదినా," అంది పేచ్చి. "వెనక్కి తీసుకెళ్లకూడదు. బయట పారెయ్యకూడదు."

"ఏం చేస్తాం మరి? దానికో చచ్చిన మనిషి కావాలి."

ఇద్దరి చూపులూ ఒకేసారి లోపలి గోడకి వెళ్లాయి. అక్కడ పటంలో పేచ్చి మొగుడు మాయాండి ఉన్నాడు. భుజాన పార్టీ అంచు కండువా, పక్కన ఎవరిదో సగం భుజం. ఏదో ఊరేగింపు ఫొటోలోంచి అతన్ని ఒక్కణ్నీ కత్తిరించి పెద్దది చేయించిన బొమ్మ అది. పేచ్చి స్టూలెక్కి దండ వేసింది. శవానికి కొన్న దండ, ఫొటోకి బాగా పొడుగై నేలకి ఆనింది. ఆమె దాన్ని తీసి, మధ్యకి పట్టుకుని, రెండు మడతలు వేసి మేకుకి తగిలించింది. అప్పుడు సరిపోయింది.

*

పూలకొట్టుకి వెళ్లకుండా బస్టాండుకి వెళ్లింది. మరుగుదొడ్ల పక్కన పొడవాటి గోడ మీద వరసగా పన్నెండు పోస్టర్లు. పన్నెండు చోట్లా తన కొడుకు నవ్వుతున్నాడు. మైదా జిగురు ఇంకా తడారలేదు. ఒక మేక ముందుకాళ్లు గోడకి ఆనించి, చివరి పోస్టరు కింది అంచు నాకుతోంది.

పేచ్చి ఐదో తరగతి దాకా చదివింది. ఒక్కో మాటా పెదాలతో పలుకుతూ చదివింది. "అఖిల ప్రపంచ తమిళ మేలుకొలుపు కళగం. మహానాయకుడికి జలుబు చేసిందన్న వార్త తట్టుకోలేక ప్రాణత్యాగం చేసిన వీరతమ్ముడికి కన్నీటి అంజలి." దాని కింద జననం, మరణం. జననం తేదీ కొడుకుదే. ఆ రోజు వాన, మంత్రసాని రిక్షాలో వచ్చింది. మరణం తేదీ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ఈ నెల పన్నెండు.

ఇవాళ తొమ్మిది.

అయిపోయిన తేదీ అయితే ఇంత భయం ఉండేది కాదు. అది అబద్ధమని తేలిపోయిన తేదీ అయ్యేది. ఇది ఇంకా రావలసిన తేదీ. పన్నెండు చోట్ల రాసిపెట్టి ఉంది. బొటనవేలి గోరు పోస్టరు మూల కింద దోపి లాగింది. చెవిదాకా చిరిగి వచ్చింది. కొడుకు చెవి చిరగడం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ అదే చేత్తో ఆ మూలని గోడకి అద్ది నొక్కింది.

సంచి పట్టుకుని బస్సు కోసం నిలబడ్డ పెద్దాయన చూస్తున్నాడు. "పాపం, చిన్న వయసు. మీవాడా అమ్మా?"

"కాదు. మావాడు కాదు."

నోట్లోంచి మాట వచ్చేశాక అది తన మాట కాదనిపించింది. పదహారేళ్ల కింద ఆసుపత్రి వరండాలో, మాయాండి శవం పక్కన, పార్టీ వార్డు కార్యదర్శి పోలీసాయనతో అన్న మాట అది. అచ్చు ఇలాగే, తలొంచుకుని. "మావాడు కాదు సార్. రోజుకూలీకి వచ్చాడు."

సినిమావాళ్లు కల్యాణమండపంలో దిగారు. ఆవరణ నిండా జెండాకర్రలు పరిచి ఉన్నాయి. వాటికి ఊదారంగు జెండాలు కడుతున్నారు. పేచ్చి వాటిని దాటకుండా, గోడ వారగా చుట్టూ తిరిగి వెళ్లింది. లోపల మెట్ల మీద కూర్చుని కాగితాలు చూసుకుంటున్న అమ్మాయిని చెళియన్ ముందే చూపించి ఉన్నాడు. యాళిని, అసిస్టెంట్ డైరెక్టరు, మద్రాసు పిల్ల. మగపిల్లాడి చొక్కా, కళ్ల కింద నిద్రలేని నలుపు.

"ఆ జెండాకర్రలు ఇనపవా అమ్మా?" అని అడిగింది పేచ్చి. వచ్చిన పని కన్నా ముందు అదే నోటికి వచ్చింది.

"కాదమ్మా, ప్లాస్టిక్ గొట్టాలు. రంగు వేశాం. సినిమాలో ఏదీ ఇనపది కాదు."

"పైన కరెంటు తీగలున్నాయి, చూసుకుని ఎత్తమనండి."

"చెప్తానమ్మా. మీరెవరు?"

"చెళియన్ వాళ్లమ్మని."

యాళిని లేచి నిలబడి పక్కనున్న కుర్చీ జరిపింది. పేచ్చి కూర్చోలేదు. నిలబడే చెప్పింది. వీరాయి ఏడవడం చెప్పింది, దండ రావడం చెప్పింది, పన్నెండో తారీఖు చెప్పింది. "వాడికి తెలీదు తల్లీ, చదువుకున్నాడు. మీకూ నవ్వొస్తుంది. నవ్వుకోండి. కానీ ఆ ఫొటో తీసెయ్యండి. ఎవరిదైనా పెట్టుకోండి."

యాళిని నవ్వలేదు. గోరు కొరుక్కుంటూ కాగితం వైపు చూసింది. "మా అమ్మయితే ఈపాటికి నన్ను చెప్పుతో కొట్టేది. షూటింగు పన్నెండునే అమ్మా. ఇంతవరకూ ఫొటో ఏ షాట్లోనూ రాలేదు, మార్చొచ్చు. కానీ ఎవరిదో పెడితే రేపు కేసు వేస్తారు. ఇదివరకు ఒకసారి అయింది, నా ఉద్యోగం పోయింది. కాబట్టి సంతకం కావాలి. ఫొటోలో మనిషిదో, ఆ ఇంటివాళ్లదో. రేపు సాయంత్రం లోపల ఎవరైనా సంతకం పెట్టి ఇస్తే చెళియన్‌ది తీసేస్తాను. ఒట్టు."

*

మర్నాడు పొద్దున్న పేచ్చి పూలకొట్టులో కూర్చుని గులాబీలు గుచ్చుతూ, ఫొటో ఇచ్చి సంతకం పెడతారా అని ఒక్కొక్కరినీ అడిగింది. కొట్టు యజమాని ముత్తయ్య తక్కెడ ఆపి ఆమెని ఎగాదిగా చూశాడు. "పదేళ్లుగా నా కొట్టులో తిండి తింటున్నావు పేచ్చీ. నామీద ఇంత కోపం ఎందుకే నీకు?"

"కోపం కాదయ్యా. సినిమాలో పడతారు."

"పడతాను, పాడె మీద."

టీకొట్టు తాతకి ఎనభై దాటాయి. పళ్లు లేవు, పెళ్లాం లేదు, కళ్లు సగమే. ఆయనైనా ఒప్పుకుంటాడనుకుంది. "ఎనభై రెండేళ్లు కష్టపడి బతికానే పిల్లా," అన్నాడు ఆయన. "కామెడీ కోసం చావమంటావా?"

మధ్యాహ్నం ఇంటికి వచ్చింది. చెమట తుడుచుకుంటూ లోపలి గోడకి ఎదురుగా కూలబడింది. వీరాయి తెచ్చిన దండ వాడి అంచులు నల్లబడ్డాయి. రెండు మడతల మధ్యనుంచి మాయాండి చూస్తున్నాడు. దానికో చచ్చిన మనిషి కావాలి అంది వీరాయి. పేచ్చి స్టూలెక్కి దండ తీసి పక్కన పెట్టి, కొంగుతో అద్దం తుడిచి, ఫొటో దించింది.

అన్నానికి వచ్చిన చెళియన్ ఒళ్లో ఫొటో పెట్టుకుని కూర్చున్న తల్లిని చూశాడు. చెప్పకుండానే అర్థమైంది.

"వద్దమ్మా."

"ఎందుకు వద్దు? సంతకం నేను పెడతాను."

"అది నవ్వుకోడానికి తీసే సినిమా. థియేటర్లో జనం పడీపడీ నవ్వుతారు. నాన్నని చూసి నవ్వుతారు."

"నీ ఫొటో అయితే నవ్వరా?"

"నేను బతికున్నాను. వాళ్లతోపాటు నేనూ నవ్వుతాను."

"ఆయనకి ఇంకేం అవుతుందిరా? ఆయనకి కావాల్సిన కీడు అయిపోయింది." ఆమె గొంతు పెంచలేదు. "అసలు నువ్వెందుకు పెట్టుకున్నావురా నీ ముఖం? ఊళ్లో ముఖాలే లేనట్టు."

చెళియన్ కంచం ముందు కూర్చున్నాడు. చారు కలిపాడు. ముద్ద చేసి మళ్లీ కంచంలోనే పెట్టాడు.

"నాన్న పోయిన మర్నాడు నేను బయటికి వెళ్లాను, గుర్తుందా? నన్ను ఎవరో ఎత్తుకుపోయారని ఊరంతా వెతికించావు. నేను పోస్టరు చూద్దామని వెళ్లాను. ఎవరు చచ్చిపోయినా నాన్నే కదా అంటించేవాడు, జిగురు నేను కలిపేవాణ్ని. నాన్నకి కూడా వేసుంటారని బస్టాండు గోడ చూశాను. స్టేషను గోడ చూశాను. సినిమాహాలు గోడ, రైస్‌మిల్లు గోడ. అన్నిటిమీదా నాయకుడికి స్వాగతమే ఉంది." నీళ్లు తాగాడు. "మొన్న కంప్యూటర్లో ఆ కన్నీటి అంజలి డిజైను చేస్తుంటే ఒకసారి మన ఇంటి ముఖం పెట్టి చూద్దామనిపించింది. అంతే."

పేచ్చి కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. అతను వద్దన్నా వేసింది.

ప్రెస్సులో కంప్యూటర్ పక్కన స్టూలు వేసి తల్లిని కూర్చోబెట్టాడు. మాయాండి ముఖం తెరంతా నిండింది. మీసం పక్క మచ్చ ఇంత పెద్దదని ఆమెకి తెలీదు. చెళియన్ ఏదో నొక్కాడు. భుజం మీది కండువా అంచు రెండు రంగులూ పోయి ఊదారంగు వచ్చింది.

"అదేం చేశావు?"

"నిజం పార్టీ రంగులు ఉండకూడదమ్మా. సినిమా పార్టీది వేశాను."

మాయాండి ఆ రంగుల పంచె తప్ప కట్టేవాడు కాదు. పుట్టిన మూడోనెల్లో ఈ పిల్లాణ్ని సభకి ఎత్తుకెళ్లి, జనంలో నలిగి, నాయకుడి చేతికి అందించి పేరు పెట్టించుకొచ్చాడు. అంత పట్టుకున్న పార్టీ ఒక్క నొక్కుతో భుజం మీంచి దిగిపోయింది. పేచ్చి ఇంకా ఏమైనా మారుతుందేమోనని చూసింది. ముఖం మారలేదు.

"పేరు వీరతమ్ముడనే ఉంచనా?"

"మాయాండి అని వెయ్యి."

"తేదీ?"

ఆమె చెప్పింది. అసలు తేదీ. చెళియన్ టైపు చేశాడు. ఈనెల పన్నెండు చెరిగిపోయింది. పేచ్చి ఆ చోటు మీద వేలు పెట్టి చూసుకుంది. తర్వాత అక్షరాలు కూడబలుక్కుని జలుబు దగ్గర ఆగింది.

"ఈ జలుబు మాట ఉండాలా?"

"అదేనమ్మా హాస్యం. జలుబుకి కూడా చచ్చేవాళ్లున్నారని."

"ఆయన పోయింది జెండాకర్ర వంకరగా ఉందనేగా," అంది పేచ్చి. "కార్యదర్శి కిందనుంచి చూసి, కాస్త ఎడమకి, కాస్త ఎడమకి అన్నాడంట. ఎడమకే కరెంటు తీగ." కొంచెం ఆగి, "ఉంచు. పెద్ద తేడా లేదు," అంది.

సాయంత్రం, పేచ్చి యాళినికి సంతకం పెట్టి ఇచ్చాక, చెళియన్ జిగురు బకెట్టు పట్టుకుని, తన ముఖం మీద తండ్రి ముఖాన్ని అంటించుకుంటూ పోయాడు. జిగురు చీపురుతో మధ్యనుంచి అంచులకి రుద్దడం, మూలలు అరచేత్తో నొక్కడం, అంతా మాయాండి పద్ధతే. ఎవరు నేర్పారో ఆమెకి తెలీదు. పేచ్చి వెనక నిలబడి లెక్కపెట్టింది. పన్నెండూ అయ్యేదాకా కదల్లేదు. చివరిదాని కింద, జిగురు నాకుతున్న మేకని మాత్రం తరమలేదు. మాయాండి మేకల్ని తరిమేవాడు కాదు.

*

పన్నెండో తారీఖున కొడుకుని ఇంట్లో ఉండమంది. అతను వినలేదు. అయితే నా కళ్లెదురుగా ఉండమని వెంటబెట్టుకుని షూటింగుకి వచ్చింది.

వచ్చేముందు, తెల్లవారుతుండగానే పూలకొట్టులో కూర్చుని సినిమావాళ్లు ఆర్డరిచ్చిన దండ కట్టింది. నాయకుడి దండ, మోకాళ్లదాకా. ఫోనులో యాళినిని అడిగింది, "ఫొటోకి వేరే కట్టనా? చిన్నది, రెండు మూరల్లో అయిపోతుంది." "ఒక్కటే చాలమ్మా, సీనులో ఒక్క దండే," అంది యాళిని. అయితే ఆ దండే ఫొటోకి వేస్తారు కాబోలు అనుకుంది పేచ్చి. నిలకోట్టై నుంచి వచ్చిన నేలసంపెంగల్లో విచ్చినవి పక్కకి తీసి, మొగ్గలే ఏరింది. ఐదు మొగ్గలకో గులాబీ. నార ముడులన్నీ బయటివైపుకి తిప్పింది. మెడవైపు పూలు తప్ప ఏదీ తగలకుండా. పెళ్లిదండకి కూడా అంత శ్రమ పడదు. ముత్తయ్య చూసి, "ఎవరికే అంత దండ?" అన్నాడు. "సినిమాకి," అంది.

బస్టాండు మైదానంలో వేదిక కట్టారు. వెనక నాయకుడి కటౌటు నలభై అడుగులు. ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ మీద, చట్రంలో మాయాండి. కటౌటు బూటు కన్నా చిన్నగా ఉన్నాడు. తాడు ఇవతల జనంలో పేచ్చి, పక్కన చెళియన్.

నాయకుడి వేషం పొన్నుదురైది. ముప్ఫయ్యేళ్లుగా అందర్నీ నవ్విస్తున్న మనిషి. దగ్గర్నుంచి చూస్తే ముసలివాడు. మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టుకుని ఎక్కాడు. కెమెరా తిరగ్గానే ఆ మోకాలు ఏమైందో, గాల్లో తేలినట్టు నడిచాడు.

దండ పళ్లెంలో వచ్చింది. నాయకుడు జేబురుమాలు కళ్లకి అద్దుకుని దండ అందుకోబోయాడు. ఈలోపల నలుగురు అనుచరులు ఎగబడి, అలవాటు కొద్దీ ఆ దండని నాయకుడి మెడలోనే వేసేశారు. అతను క్షణం తడబడి, వెంటనే వెలిగిపోయి, రెండు చేతులూ ఎత్తి జనానికి నమస్కారం పెడుతూ మైకు దగ్గరికి వెళ్లిపోయాడు. వెళుతూ పంచెకొంగు తగిలించి కుర్చీని కదిపాడు కూడా. మాయాండి ఖాళీగా కూర్చున్నాడు.

జనం విరగబడి నవ్వారు. లైట్లు పట్టుకున్నవాళ్లు నవ్వారు. వేదిక కింద పోలీసువేషంవాడు వాతలు పడేలా తొడ కొట్టుకుని నవ్వాడు.

పేచ్చికి అందులో నవ్వడానికి ఏముందో అర్థం కాలేదు. అలాగే కదా జరిగింది. మాయాండి పోయిన రాత్రి నాయకుడి కారు తమ సందు మొదటిదాకా వచ్చింది. ఇంట్లో శవం ఉంది. గుమ్మంలో నిలబడి చూసింది ఆమె. సందు మొదట్లోనే దండలు వేశారు, టపాకాయలు కాల్చారు, కారు తిరిగి వెళ్లిపోయింది. ఇది తీసినవాళ్లు ఆ రోజు అక్కడ ఉన్నారా ఏంటి?

"ఫొటోకి వెయ్యరా?" అని కొడుకుని అడిగింది.

"వెయ్యరమ్మా." చెళియన్ ఆమెవైపు చూడలేదు. "అదే సీను. చెప్పొద్దనుకున్నాను."

రెండో టేకు అయ్యాక గొడుగు కింద కూర్చుని పొన్నుదురై దండ ఎత్తి మెడ తడుముకున్నాడు. "ఇది కట్టిందెవరు? ఇన్నేళ్లలో నార కోసుకోని దండ ఇదొక్కటే. మెడకి పూలు తప్ప ఏమీ తగల్లేదు." యాళిని తాడువైపు చెయ్యి చూపించింది. తర్వాత వంగి ఏదో చెప్పింది. పొన్నుదురై తల తిప్పి పేచ్చిని చూశాడు. కుర్చీని చూశాడు.

"నిజం మనిషేనా?" అన్నాడు.

మూడో టేకు మొదలైంది. రుమాలు, పళ్లెం, అనుచరులు, మెడలో దండ. అందరూ నవ్వడానికి నోళ్లు తెరిచి ఉంచారు. పొన్నుదురై చేతులు ఎత్తలేదు. దండని మెడలోంచి తీశాడు. ఫొటో మీద వేశాడు. నేలకి ఆనింది. మళ్లీ తీసి, మధ్యకి పట్టుకుని, చేతకాని చేతులతో మడతపెట్టి, రెండు చుట్లుగా చట్రం మీద కొట్టిన మేకుకి తగిలించాడు. చేతులు జోడించి నిలబడ్డాడు.

మైదానంలో ఎవరూ నవ్వలేదు. ఎవరి చేతిలోనో వేరుశెనగకాయ చిట్లిన చప్పుడు వినబడింది.

"కట్!" డైరెక్టరు లేచాడు. "అన్నా, ఏమైంది? దండ ఫొటోకి పడితే ఇక సీనేముంది?"

"మర్చిపోయాను తమ్ముడూ. వయసైపోయింది."

"ఫర్వాలేదన్నా. ఇంకొక్కటి. దండ తియ్యండ్రా!"

సెట్టు మనిషి వచ్చి దండ పట్టుకుని లాగాడు. మేకుకి చిక్కుకుంది. మళ్లీ లాగాడు. మొగ్గలు రాలాయి.

"ఆగు," అంటూ పేచ్చి తాడు కిందనుంచి దూరింది.

"ఏయ్ అమ్మా! లోపలికి రాకూడదు!" ఎవరో అరిచారు. ఆమె వేదికెక్కింది. మొదటి చుట్టు విప్పింది. రెండో చుట్టు విప్పింది. నలిగిన పూలని లోపలికి తోసి, ముడులు బయటికి తిప్పి, ఒకసారి విదిలించింది. దండ మళ్లీ కొత్తదైంది. రెండు చేతులతో పొన్నుదురైకి అందించింది.

అతను తీసుకోడానికి చెయ్యి చాపలేకపోయాడు. "అమ్మా, నేను..."

"వేసుకోండయ్యా," అంది పేచ్చి. "ఇది మీ కొలతకే కట్టాను. ఆయన కొలత కాదు."

తిట్లు తింటున్న పిల్లాడిలా అతను తల వంచాడు. ఆమే వేసింది.

దిగబోతూ చూసింది. చట్రం మేకు దగ్గర ఒక సంపెంగమొగ్గ చిక్కుకుపోయి ఉంది. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది. తియ్యలేదు. తాడు కిందనుంచి దూరి తన చోటుకి వచ్చేసింది.

నాలుగో టేకు మొదటివాటికన్నా బాగా వచ్చింది. జనం ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. పక్కన చెళియన్ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో, ముఖం అటు తిప్పుకున్నాడు. పైన ఊదా జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. వాటి కర్రలకీ కరెంటు తీగలకీ మధ్య ఎన్ని మూరలుంటాయో పేచ్చి కళ్లతోనే కొలిచింది. మళ్లీ కొలిచింది.

"ఇంటికి వెళ్దామా అమ్మా?"

ఎండ నడినెత్తిన ఉంది. పన్నెండో తారీఖు ఇంకా సగం మిగిలే ఉంది. ఆమె కొడుకు మణికట్టు వదల్లేదు.